నల్లపక్షి మీద ఓ కన్ను

ఏప్రిల్ పదకొండు. ఆ మధ్యాహ్నం తిన్నది బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు. పోలీసమ్మకు బాగా గుర్తు. ఎందుకంటే గుడ్డు పెంకు ఒలుస్తూనే కిటికీలోంచి ఒక దొంగను కనిపెట్టింది.

పోలీసమ్మకు తొమ్మిదేళ్లు. జామ్ సీసా మూత కాస్త వదులుగా ఉన్నా చాలు, ఇంట్లో అందరినీ నిలదీస్తుంది. అందుకే మేనత్త ఆ పేరు పెట్టింది. అత్త నిప్పుకోళ్లు పెంచుతుంది. సెలవులకి పోలీసమ్మ అక్కడికే వచ్చింది.

"అత్తా, ఆ నల్లది చూడు. ఎప్పుడూ గూడు వైపే చూస్తోంది. నాకేదో తేడాగా ఉంది."

"అది మగపక్షిలే. ముందు నువ్వు తిను."

గూడంటే ఇసుకలో చిన్న గుంట. అందులో పెద్ద పెద్ద గుడ్లు. వాటి మీద ఆడపక్షి మెడ నేలకి ఆనించి పడుకుంది. దూరం నుంచి చూస్తే మట్టికుప్పే అనుకుంటారు. నల్లపక్షి మాత్రం మనిషికంటే ఎత్తు. కాలికి రెండే వేళ్లు. పెద్దవేలికి మేకులాంటి గోరు. పోలీసమ్మ ఎటు కదిలితే అటే దాని చూపు.

"నన్నే చూస్తోంది! తప్పు చేసేవాళ్లే అలా చూస్తారు."

అత్త నవ్వింది. "నేల మీద తిరిగే ఏ జంతువుకీ అంత పెద్ద కన్ను లేదే. దాని మెదడు కంటే కన్నే పెద్దది. నీ మూతికి అంటిన గుడ్డు కూడా అక్కణ్ణుంచి కనబడుతుందేమో!"

పోలీసమ్మ గబగబా మూతి తుడుచుకుంది. "మెదడు చిన్నదైతే అసలు నమ్మకూడదు," అంది.

సాయంత్రమైంది. అత్త మేత కలపడానికి షెడ్డులోకి వెళ్లింది. నల్లపక్షి మెల్లగా గూటి దగ్గరికి నడిచింది. ఆడపక్షి లేచి పక్కకి తప్పుకుంది. నల్లది వంగి, ముక్కుతో ఒక గుడ్డును దొర్లించింది.

"దొంగా! దొరికావు!"

పోలీసమ్మ వంటింట్లోంచి స్టీలు కంచం, గరిటె పట్టుకుని పరుగెత్తింది. కంచె దగ్గర నిలబడి టంగుటంగుమని మోగించింది. నల్లపక్షి ఒక్క ఉదుటున అవతలి మూలకి పారిపోయింది. దాని వెనకే ఆడపక్షీ.

గుడ్లు ఒంటరిగా మిగిలాయి.

చప్పుడు విని అత్త పరుగున వచ్చింది. కోప్పడలేదు. కంచం మాత్రం మెల్లగా చేతిలోంచి తీసుకుంది.

"అది దొంగ కాదమ్మా. నాన్న. పగలు అమ్మ పొదుగుతుంది, ఇసుక రంగులో కలిసిపోతుంది. రాత్రి నాన్న పొదుగుతాడు, చీకట్లో కలిసిపోతాడు. గుడ్డు అన్ని వైపులా వెచ్చగా ఉండాలనే దొర్లించాడు."

పోలీసమ్మ గుడ్ల వైపు చూసింది. "ఇప్పుడవి చల్లబడితే?"

"లోపలి పిల్లలు బతకవు. మనం కనబడినంతసేపూ అది రాదు. లోపలికి పద."

ఇంట్లోకి వచ్చినా పోలీసమ్మ గుమ్మం వదల్లేదు. "కూర్చుందో లేదో చూడొద్దా అత్తా?"

"నువ్వు దాన్ని చూస్తే అదీ నిన్ను చూస్తుంది. దానికి నీ మీద అనుమానం."

"నా మీదా? నేనేం చేశాను?"

"మరి కంచం మోగించిందెవరు?"



బయట మసక చీకటి. నల్లపక్షి గూటి వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. మెడ ఎత్తి, వెలుతురు పడుతున్న గుమ్మం వైపే చూసింది.

పోలీసమ్మ లైటు ఆర్పేసింది.

"నాన్నగారూ, మీరు కూర్చోండి," అంది గుసగుసగా. "నేను చూడను."

గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, మెల్లగా తలుపు మూసింది.