నీళ్ళు నమలని యంత్రం

పైలట్ల శిక్షణకి వాడే సిమ్యులేటర్ కాక్‌పిట్ అద్దాల మీద ఉత్తుత్తి వాన జోరుగా కురుస్తోంది. ఎడమ సీట్లో కెప్టెన్ నరహరి. బయట కంట్రోల్ రూంలో హైమావతి, ఆమె వెనక, ఆమె చేసిన యంత్రాన్ని పరీక్షించడానికొచ్చిన ముగ్గురు కమిటీ సభ్యులు. ఏడేళ్ళుగా ఆమె ఈ ఉదయం కోసమే బతికింది.

ఏడేళ్ళ కిందట ఇలాంటి వానలోనే, ల్యాండింగ్‌కి దిగుతూ నరహరి విమానం కొండను తాకింది. నరహరి కుంటికాలితో బతికి బట్టకట్టాడు. కో-పైలట్ ప్రద్యుమ్న, హైమావతి ఒక్కగానొక్క తమ్ముడు, పోయాడు. "సార్, కొంచెం కిందికి ఉన్నామేమో సార్, ఒకసారి చూస్తారా?" అని వాడు మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ నరహరి జవాబు ఒకటే. "నాకు తెలుసులే."

"అతను అడిగాడే గానీ హెచ్చరించలేదు," అని ఎంక్వైరీలో చెప్పాడు నరహరి. తప్పు ప్రద్యుమ్న మీద పడింది. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పొద్దని వాణ్ణి పెంచింది హైమావతే.

అందుకే ఆమె ఈ యంత్రం చేసింది. చూడ్డానికి అగ్గిపెట్టెంత ఉంటుంది. ఇవాళ కాక్‌పిట్‌లో మాటలూ కంట్రోల్ రూంలో మాటలూ, రెండుచోట్ల మీటర్లూ దానికి అందుతున్నాయి. పైవాడి ముందు కిందివాడు నీళ్ళు నమిలితే, గొంతులో వణుకునూ మీటర్ల రీడింగునూ కలిపి చూసి, వాడి మనసులో మాటను మొహమాటం లేకుండా స్పీకర్లో చెప్పేస్తుంది. ఎవరు ఎవరి మాట వినలేదో రికార్డు చేస్తుంది. నరహరి మారడని ఆమె నమ్మకం. అదే వాన, అదే కొండ పెట్టి, కమిటీ ముందు అతని పరువు తీయాలని చూసింది.

"సార్, ఎత్తు కొంచెం తగ్గిందేమో..." అని కొత్త కో-పైలట్ నసిగాడు. యంత్రం నోరు తెరిచేలోపే నరహరి "గో అరౌండ్" అంటూ ల్యాండింగ్ మానేసి విమానాన్ని పైకి లేపేశాడు. కమిటీ చైర్మన్ భేష్ అన్నాడు.

హైమావతికి ఒళ్ళు మండిపోయింది. తన తమ్ముణ్ణి మింగి నేర్చుకున్న బుద్ధికి మెప్పు కూడానా?

"మళ్ళీ మొదలుపెట్టండి. కుదుపులు రెట్టింపు చేయండి," అంది.

ఆరు హైడ్రాలిక్ కాళ్ళ మీద నిలిచే ఆ సిమ్యులేటర్‌ని ఎస్తేరు ఇరవై ఏళ్ళుగా నడుపుతోంది. ఆవిడ మీటరు వంక చూసి తటపటాయించింది.

"మేడం, మూడో కాలికి ప్రెషర్ ఎక్కువైందేమో మేడం. ఒకసారి చూస్తారా?"

"నాకు తెలుసులే. పెంచండి."

"పోనీ, కాసేపాగి..."

"పెంచమన్నానా?"

స్పీకర్ ఖంగుమంది. "ఆపండి. మూడో కాలు విరగబోతోంది. లోపలున్నవాళ్ళు చచ్చిపోతారు. కోపంలో మీకు కళ్ళు కనిపించడం లేదు."

"అయ్యో మేడం, నేను అలా అనలేదు," అంది ఎస్తేరు, చెయ్యి మాత్రం ఎర్ర బటన్ నొక్కేసింది. సిమ్యులేటర్ ఒక పక్కకి ఒరిగి ఆగింది.

ఇందాకటి నుంచీ తెరిచే ఉన్న మైకులో నరహరి గొంతు వినిపించింది. "ఆ 'తెలుసులే' నాదమ్మా. మీ తమ్ముడు హెచ్చరిస్తున్నాడని ఆరోజు నాకు అర్థమైంది. ఎంక్వైరీలో అబద్ధం చెప్పాను."

ఆ మాటకి యంత్రం సాయం అక్కర్లేకపోయింది.

ప్రద్యుమ్న మీద మచ్చ ఆ నెలలోనే పోయింది. నరహరి లైసెన్సూ పోయింది. హైమావతి కోరుకున్నదంతా దక్కింది. ఇప్పుడు యంత్రం ప్రతి కాక్‌పిట్‌లోనూ ఉంది. శిక్షణ మొదటిరోజున అందరికీ దాని మొట్టమొదటి రికార్డు చూపిస్తారు. హెచ్చరించినది, ఎస్తేరు. వినిపించుకోనిది, హైమావతి. దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. నరహరి పేరు శాశ్వతంగా ఉండిపోవాలని ఆ ఏర్పాటు చేసింది ఆమే.