జోజి పేరు మీద పన్నెండో ఇల్లు

ఉదయం 6.40. కపిలేశ్వరపురం రేవులో శవం తేలింది. మగమనిషి. తల వెనుక దెబ్బ. జేబుల్లో ఏమీ లేదు.

మధ్యాహ్నం 2.50కి ఎస్సై అమలాపురంలోని సర్వే ఆఫీసుకు ఫోన్ చేశాడు. శవాన్ని గుర్తుపట్టారు. పేరు జోజి. గోదావరి మధ్య లంకలో గల్ఫ్ కుటుంబాల సర్వే చేస్తున్న మనిషి.

ఫోన్ ఎత్తినవాడు విజయకుమార్. మెడలో ‘క్వాలిటీ మానిటర్’ అన్న కార్డు. అతను గూఢచారి విభాగం ఏజెంట్ అని ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఎదురుగా డాష్‌బోర్డు తెరిచి ఉంది. జోజి వరస ఆకుపచ్చగా ఉంది. ఉదయం నుంచి పది ఇంటర్వ్యూలు. సగటు 24 నిమిషాలు.

పది రోజులుగా ఆ వరస ఎరుపే. జోజి ఒక్కో ఇంట్లో గంట పైన కూర్చునేవాడు. "బొండం కొట్టేకా తాగకుండా లేస్తే బాగోదండి" అనేవాడు. ఇవాళ ఆకుపచ్చ చూసి విజయకుమార్ పదకొండింటికి అతని ఫోన్‌కు ‘గుడ్’ అని మెసేజ్ పెట్టాడు. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

ట్యాబ్ ప్రతి ఇంటర్వ్యూనూ రికార్డు చేస్తుంది. ఆకుపచ్చ వరసల రికార్డింగులు ఎవరూ వినరు. విజయకుమార్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని పదోది విన్నాడు. ఆడగొంతు. ఫీల్డ్ సూపర్‌వైజర్ యామిని. నడిచి వెళితే టీమంతా తల తిప్పి చూసే మనిషి. ఆ సర్వే సంస్థలో విభాగం పెట్టుకున్న ఇన్‌ఫార్మర్ కూడా.

సెక్యూర్ లైన్‌లో చీఫ్ శ్రీరామచంద్రమూర్తి.

"యామిని మన మనిషి కదయ్యా."

"వాళ్ళ మనిషి కూడానండి. జోజిని చంపి అతని ట్యాబ్‌తో ఇళ్ళు తిరుగుతోంది."

"ఎన్ని ఇళ్ళు మిగిలాయి?"

"రెండండి. చివరిది శివనాగరాజుది."

శివనాగరాజు గల్ఫ్‌లో ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్. అతను కోనసీమవాడనీ, ఏ నెలలో దేశం దాటాడో కూడా ఒక విదేశీ ముఠాకు తెలుసు. పేరు తెలియదు. సర్వే పెట్టించింది ఆ ముఠానే. అతని ఇల్లు ఏదో యామినికీ తెలియదు. అయిదింటికి ట్యాబుల్లోని జవాబులన్నీ విదేశంలోని సర్వర్‌కు వెళతాయి. సర్వర్ నెలలు సరిపోల్చి పేరు తేలుస్తుంది. పేరు తేలితే అతన్ని చంపుతారు.

"అప్‌లోడ్ ఆపగలవా?"

"చూసే అనుమతే ఉందండి. ఆపే అనుమతి లేదు."

"పోలీసులు?"

"పడవలో చేరేసరికి 5.10 అవుతుందండి."

"భార్య జవాబు చెప్పనంటే?"

"చెప్పని ఇల్లు అదొక్కటే అవుతుందండి. దొరికిపోతుంది."

విజయకుమార్ నిబంధనల పేజీ తెరిచాడు. జోజిని ఉద్యోగం నుంచి తప్పించడానికి శుక్రవారం యామినే ఒకటి చేర్చింది. గంట దాటిన ఇంటర్వ్యూ అప్‌లోడ్ కాదు. తనిఖీకి అమలాపురం డెస్కుకు వస్తుంది. అలా ఆగినవి అప్పటికే ముప్పై పైన ఉన్నాయి.

3.40కి అతను శివనాగరాజు భార్య భవానీదేవికి ఫోన్ చేశాడు.

"పుల్లేటికుర్రు చీర తెచ్చేనమ్మా."

అది కోడ్. అవతల పొయ్యి ఆపిన చప్పుడు.

"అంచు ఏ రంగండీ?"

"ఎరుపు."

"చెప్పండి అన్నయ్యగారూ."

"సర్వేకి ఒకావిడ వస్తుంది. గంట దాటేదాకా సంతకం పెట్టొద్దు. ఆవిడకి అనుమానం రాకూడదు."

"ఇంటికొచ్చినోళ్ళని గంట కూర్చోబెట్టడం మాకు చెప్పాలాండీ?"

యామిని 3.55కి ఆ ఇంట్లో ట్యాబ్ తెరిచింది. తర్వాత దొరికిన రికార్డింగులో ఉన్నది ఇది.

పద్నాలుగో నిమిషం. "ముందు బొండం తాగండి. ఎండలో వచ్చేరు."

"వద్దండీ, టైం లేదు."

"ఇళ్ళ లెక్కకి వచ్చినప్పుడు జోజిగారు రెండు తాగేరండి. ఆయన రాలేదేం?"

"సెలవు పెట్టారు."

ముప్పై రెండో నిమిషం. "పాస్‌పోర్టు జెరాక్సు బీరువాలో ఉందండి. తాళం మా అత్తగారి బొడ్లో ఉంది. పక్కింటికెళ్ళేరు, వచ్చేస్తారు."

యాభై ఒకటో నిమిషం. "గంట దాటితే నాకు ఇబ్బందండీ."

"ఆయ్. ఇదిగోనండి." కాగితం చప్పుడు.

యాభై ఎనిమిదో నిమిషం. "ఇక్కడ వేలితో సంతకం పెట్టండి."

"అయ్యో, చేతికి బెల్లం పాకమండీ. మీ ట్యాబు పాడైపోద్ది. కడుక్కొచ్చేస్తాను."

బోరింగు కొట్టిన చప్పుడు. చాలాసేపు.

అరవై ఒకటో నిమిషం. "ఆయ్, ఇప్పుడు చెప్పండి. ఎక్కడండీ?"

ట్యాబ్‌లో ఒక ఇంటి నంబరు ఒకసారే తెరుచుకుంటుంది. అయిదింటికి అప్‌లోడ్ అయింది. శివనాగరాజు ఇంటి జవాబులు అమలాపురం డెస్కుకు వచ్చాయి. విజయకుమార్ వాటిని చెరిపేశాడు.

5.10కి పోలీసులు లంకలో దిగారు. యామిని రేవులో పడవ కోసం నిలబడి ఉంది. ఆమె బ్యాగులో జోజి ట్యాబ్, జోజి ఫోన్ దొరికాయి.

డాష్‌బోర్డులో జోజి వరస, చివరి గడి: 61 నిమిషాలు. ఎరుపు.