పొడుగు వరస

మధ్యాహ్నం గంట కొట్టగానే ఐదో క్లాసు అమ్మాయి ఒకతె, చుట్టిన చార్టు చంకలో పెట్టుకుని ఒకటో క్లాసు గుమ్మంలో నిలబడింది. బొమ్మలు బాగా వేస్తుందని బళ్లో అందరూ ఆమెను కుంచె అనే పిలుస్తారు. పొద్దున్నుంచీ కుంచెకు ఒకటే గాభరా.

సంగతేమిటంటే, బడి వెనకాల ఖాళీ స్థలంలో ఆడుకోవడానికి ఏదో ఒకటి పెట్టిస్తామని ఊళ్లో దాతలెవరో అన్నారు. చోటు తక్కువ, ఒక్కటే పడుతుంది. ఉయ్యాలా, జారుడుబల్లా, ఇసుక తొట్టా? ఒకటో క్లాసు పిల్లల్ని అడిగి, ఆ లెక్కను బొమ్మల పట్టికగా గీయమని లెక్కల మాస్టారు కుంచెకు అప్పగించారు. ఒక్కో బొమ్మ అంటే ఇద్దరు పిల్లలు. ఉయ్యాల కావాలన్నవాళ్లకు ఉయ్యాల బొమ్మ, జారుడుబల్ల కావాలన్నవాళ్లకు జారుడుబల్ల బొమ్మ, ఇసుక కావాలన్నవాళ్లకు బకెట్ బొమ్మ.

మొదటి ఉయ్యాల ఎంత ముద్దుగా వచ్చిందో. స్తంభాలు, గొలుసులు, కూర్చునే చెక్క, అన్నీ ఉన్నాయి. అదే సైజులో ఆరు వేసేసరికి చార్టు ఆ చివర నుంచి ఈ చివర దాకా నిండిపోయింది. జారుడుబల్లలు మూడే. బకెట్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి నొప్పెట్టింది. ఎనిమిది బకెట్లనూ గోరంత గీసి, ఒకదానికొకటి ఆనించి ఇరికించేసింది. అవి చార్టులో సగం దూరం కూడా రాలేదు.

కావాలని చేసింది కాదు పాపం. కానీ పొద్దున వరండాలో పెద్ద మేడమ్ చార్టు వైపు ఒక్క చూపు చూసి, "ఉయ్యాలన్నమాట. బడి వదిలేలోగా వాళ్లకు ఫోన్ చేసి చెప్పేస్తాను," అన్నప్పుడు మాత్రం కుంచె నోరు విప్పలేదు. ఉయ్యాలంటే తనకూ ప్రాణం మరి. ఇసుకలో పెద్దపిల్లలు ఆడరు కదా.

ఇప్పుడేమో పట్టిక ఎలా చదవాలో చిన్నపిల్లలకు నేర్పి రమ్మని మాస్టారు తననే పంపారు. చార్టు విప్పి కూడా చూడలేదు. "నువ్వు చేశావంటే ఇంక చూసేదేముంది," అన్నారు. ఆ మాట కుంచెను ఇంకా కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఒకటో క్లాసు టీచర్ చార్టును గోడకు తగిలించి, మళ్లీ బల్ల దగ్గర కూర్చుని నోట్‌బుక్కులు దిద్దుకుంటోంది. ముందు వరసలో, అందరూ బుడంకాయ అని పిలిచే బొద్దు పిల్ల వేలు గాల్లో ఆడిస్తూ ఏదో లెక్కపెట్టుకుంది.

"అక్కా, బకెట్లే ఎక్కువున్నాయిగా?"

కుంచె గబుక్కున టీచర్ వైపు చూసింది. టీచర్ తలెత్తలేదు.

"లెక్కపెట్టక్కర్లేదు," అంది కుంచె గొంతు తగ్గించి. "ఏ వరస పొడుగ్గా ఉంటే అదే ఎక్కువ. అంతే."

"అంతేనా," అని బుడంకాయ వేలు దించేసింది. ఇసుక తొట్టి కావాలన్నవాళ్లలో తనూ ఉంది. అయినా పెద్దక్క చెప్పిందంటే నిజమే అయ్యుంటుందని నమ్మేసింది.

కాసేపటికి టీచర్ లేచి బోర్డు మీద ఇంకో పట్టిక గీసింది. ఒక వరసలో నాలుగు పొడవాటి అరటిపళ్లు, ఇంకో వరసలో ఆరు బుల్లి నిమ్మకాయలు. పిల్లలు బోల్తా పడతారో లేదో చూద్దామని కావాలనే అలా గీసింది.

"ఇక్కడా ఒక్కో బొమ్మకు ఇద్దరే. ఏది ఎక్కువమందికి ఇష్టం?"

"అరటిపండు," అంది బుడంకాయ అందరికన్నా ముందు.

"లెక్కపెట్టావా?"

"అక్కర్లేదు టీచర్. పొడుగు చూస్తే చాలట."

"ఎవరు చెప్పారు?"

బుడంకాయ కుంచె వైపు చూపించింది. క్లాసంతా అటే తిరిగింది.

"నేనా? నేనలా అనలేదు," అంది కుంచె. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తనకే తెలియదు.

"తప్పు చెబితే ఫరవాలేదమ్మా. ఇంకొకరి మీదికి నెట్టకూడదు," అంది టీచర్ బుడంకాయతో, మెల్లగానే.

బుడంకాయ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తనే ఏదో తప్పుగా విందేమోనన్నట్టు కుంచె ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

కిటికీలోంచి ఎదురుగా ఆఫీసు గది కనిపిస్తోంది. పెద్ద మేడమ్ ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు చెబితే మాస్టారి ముందు తలెత్తుకునేదెలా? క్లాసులో వాళ్లు దొంగలెక్కల కుంచె అని ఏడిపించరూ? చెప్పకపోతే ఉయ్యాల వచ్చేస్తుంది. కానీ ఈ పిల్ల ఎదురుగా ఆ ఉయ్యాల ఎక్కి ఊగడం తన వల్ల కాదు.

కుంచె గుమ్మం దాటి ఆఫీసు గదికి పరుగెత్తింది.

"మేడమ్, ఫోన్ చేయకండి. ఉయ్యాల గెలవలేదు. నేను ఆ బొమ్మలు పెద్దవి వేశాను. తెలిసి కూడా చెప్పలేదు."

పెద్ద మేడమ్ ఫోన్ బల్ల మీద పెట్టింది. "మరి ఏది గెలిచింది?"

"మీరొకసారి రండి మేడమ్. నేను కాదు, వాళ్లే చెబుతారు."

క్లాసులోకి రాగానే కుంచె టీచర్ దగ్గరికి వెళ్లింది. "బుడంకాయ అబద్ధం ఆడలేదు టీచర్. ఆ మాట నేనే అన్నాను. తప్పు నేర్పింది నేను, లేదన్నదీ నేనే."

టీచర్ సుద్దముక్క ఇచ్చింది. కుంచె బోర్డు తుడిచి, స్కేలు పెట్టి దాని నిండా ఒకే కొలత గళ్లు గీసింది. గడికొక బొమ్మ. ఈసారి ఉయ్యాలలకు గొలుసులూ లేవు, సోకులూ లేవు. అన్నీ బకెట్లంతే ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పు, ఏది ఎక్కువ?" అంది బుడంకాయతో.

"పొడుగు చూడనా, లెక్కపెట్టనా?" అంది బుడంకాయ అనుమానంగా.

"లెక్కపెట్టు. నేను ఏం చెప్పినా సరే, నువ్వు లెక్కపెట్టుకునే నమ్ము."

బుడంకాయ బోర్డు దగ్గరికొచ్చి ఒక్కో గడి మీద వేలు ఆనించింది. "రెండు, నాలుగు, ఆరు..." ఉయ్యాలలు పన్నెండు దగ్గర ఆగాయి. జారుడుబల్లలు ఆరు దగ్గరే. బకెట్లు పదహారు దాకా వెళ్లాయి. నమ్మకం కుదరక బకెట్లను ఇంకోసారి లెక్కపెట్టింది.

"ఇసుక తొట్టి మేడమ్," అంది.

పెద్ద మేడమ్ కుంచె వైపు చూసింది. కుంచె బోర్డు మీది ఉయ్యాలలను ఒక్కసారి చూసి, ముక్కు ఎగపీల్చింది.

"అవును మేడమ్. ఇప్పుడు ఫోన్ చేయండి."