రెండు మిల్లీమీటర్ల తేడా

ముసునూరులో పొద్దుటి నుంచి వసారాలో గడ్డి పరిచి బంగినపల్లి కాయలు ఏరుతోంది కృపావతి. ఆమె చిన్నకాయల్లో వేసినదాన్ని కొడుకు మార్టిన్ తీసి పెద్దకాయల్లో పడేశాడు.

"ఇది పెద్దకాయేనమ్మా."

"నిలువు చూసి మురిసిపోకు. అడ్డం చూడు, బక్కది."

సీజన్‌లో తల్లీకొడుకులకు రోజూ ఉండే తగువే ఇది. అంతలో కోడలు రేచల్ నూజివీడు నుంచి ఆటో దిగింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

పెళ్ళయిన నాలుగేళ్ళకి పిల్లల కోసం మొదలెట్టిన వైద్యం. గుడ్డు ఎదిగే తిత్తి పద్దెనిమిది మిల్లీమీటర్లు ఉందని, ఇవాళ సాయంత్రం గుడ్డు విడుదలయ్యే ఇంజెక్షన్ చేయించుకోవాలని నిన్న విజయవాడ డాక్టరు చెప్పింది. "ఒక్కరి మాటేనా? నూజివీడులో ఇంకోసారి చూపించుకో" అని పట్టుబట్టింది కృపావతే.

"ఎంతన్నారు?" మార్టిన్ లేచి నిలబడ్డాడు.

"పదహారు."

"పెరగాల్సింది తగ్గిందా!" కృపావతి గుండె బాదుకుంది. "కుదిపిన కొమ్మకి కాయ నిలుస్తుందా? నిన్న తోటలో గంప ఎత్తావు. అప్పుడే అనుకున్నా. పొద్దున ఇన్నమ్మతో కూడా అన్నా."

ఇన్నమ్మ పక్కింటావిడ. ఆమె చెవిన పడితే ఆదివారానికల్లా చర్చి సంఘమంతా తెలిసినట్టే. నిన్న నడుం పట్టేసి అత్తగారు కదల్లేకపోతేనే రేచల్ ఆ గంప అందుకుంది.

"ఈ నెలకి ఇంజెక్షన్ ఆపేద్దాం," అన్నాడు మార్టిన్ నీరసంగా.

ఆపితే ఇన్నాళ్ళు పొట్టలో పొడిపించుకున్న సూదులన్నీ బూడిదలో పోసిన పన్నీరే. రేచల్ ఫోన్ తీసి, డాక్టరుకు కలిపి, స్పీకర్ పెట్టింది.

అంతా విని డాక్టరమ్మ విసుక్కోలేదు. "ఆ తిత్తి అచ్చం గుండ్రంగా ఉండదమ్మా. నిలువూ అడ్డమూ కొలిచి సగటు తీస్తాం. ఒకరు అంచు ఇక్కడంటారు, ఇంకొకరు కాస్త లోపలంటారు. చెయ్యి మారితే ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా మామూలే. మేం ఆ ఒక్క అంకె చూసి చెప్పలేదు, రక్తపరీక్ష కూడా చూశాం. చెప్పిన టైముకి వచ్చెయ్యండి."

"మరి గంప ఎత్తిందండీ..." కృపావతి నసిగింది.

"గంప ఎత్తితే కొలత తగ్గదమ్మా."

ఫోన్ పెట్టేశాక కృపావతి ఇందాక తగువుపడ్డ కాయను చేతిలోకి తీసుకుని నిలువుగా చూసింది, అడ్డంగా చూసింది. మెల్లగా పక్కన పెట్టింది.

"ఇంత చేసినా ఈసారి నిలవకపోవచ్చు అత్తయ్యా," అంది రేచల్. "నాకు సూదంటే భయం లేదు. అప్పుడు కూడా గంపే అంటారేమోనని భయం."

సరిగ్గా అప్పుడే ఇన్నమ్మ గేటు తోసుకుని వచ్చింది. "స్కానింగ్ ఏమైంది వదినా? కోడలు గంప ఎత్తిందన్నావుగా, అందుకే..."

"ఆ గంప నాది ఇన్నమ్మా," కృపావతి లేచి కోడలి పక్కకు వచ్చింది. "నడుం పట్టేసి నేను కూలబడితే నా బిడ్డ అందుకుంది. పొద్దున నీకు సగమే చెప్పాను, తప్పు నాదే. నిలిచినా నిలవకపోయినా ఇంకెప్పుడూ ఆ మాట తేకు."

రేచల్ ఆమె భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. కృపావతి ఆ తల నిమురుతూ కొడుకు వైపు తిరిగింది.

"కాయలు రేపు ఏరుకుందాం. కారు మాట్లాడు. నేనూ వస్తాను."