నీడలు గీయని చెరువు

అసురసంధ్య వేళ. ముసురు వదలడం లేదు. నాగవల్లి కూతురు ఇంద్రజ పక్కన కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది గానీ చూపంతా వీధి గేటు మీదే. భర్త రంగరాజు బండేసుకుని రొయ్యల చెరువు మీదికెళ్ళి చాలాసేపైంది.

ఇంద్రజ కంప్యూటరు ముందు నుంచి లేవదు. ఆటలాడే పిల్ల కాదు, ఆటల్ని నడిపే ఇంజను సొంతంగా కట్టుకుంటోంది.

"ఎవరో చేసిపెట్టినవి బోలెడున్నాయంటగా?"

"అది హోటలు భోజనం లాంటిదమ్మా. నేను ఎసరు పెట్టడం దగ్గర్నుంచి నేర్చుకుంటున్నా."

గీత, రంగు, వెలుతురు... అన్నీ తను రాస్తేనే తెర మీద కనబడతాయి. మొదట కట్టింది తమ చెరువునే. గట్టు, స్విచ్చిబోర్డున్న షెడ్డు, నీళ్ళు చిలికే ఏరేటర్ చక్రాలు.

"వీటికి నీడలేవే?"

"నీడలు వెయ్యడం ఇంకా రాయలేదమ్మా. మనుషుల్నీ పెట్టలేదు."

"మరి ఆ గట్టు మీదెవరు?"

ఇంద్రజ చెయ్యి ఆగిపోయింది.

గట్టు చివర ఒక మనిషి. ఎగ్గట్టిన లుంగీ, తలకి తువ్వాలు, ఓ పక్కకి ఒరిగిన భుజం. కాళ్ళ దగ్గర పొడుగ్గా... నీడ.

"నేను గీయలేదు," అంది ఇంద్రజ. అంతా ఆపి మళ్ళీ మొదలెట్టింది. ఈసారి ఆ మనిషి షెడ్డుకి దగ్గరగా ఉన్నాడు. గదిలో నాచు వాసన. దాని వెనకే కాలిన వైరు వాసన.

ఆ ఒరిగిన భుజం నాగవల్లికి తెలుసు. కాపలా ఉండే పెదబాబుది.

చెరువుల మీద ఓ పద్ధతుంది. చక్రాలకి పట్టిన నాచు తియ్యడానికి ఒకరు నీళ్ళలో దిగితే, స్విచ్చి దగ్గర ఇంకొకరుంటారు. "వేస్తున్నా!" అని కేకేసి, నీళ్ళలోంచి జవాబొచ్చాకే కరెంటు వెయ్యాలి. నిరుడు రంగరాజు తొందరపడ్డాడు. కేకెయ్యలేదు. నీళ్ళలో ఉన్న పెదబాబు శవమై తేలాడు.

నాగవల్లి వెంటనే రంగరాజుకి ఫోను చేసింది.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

"చెరువులో. మోకాలి లోతులో ఉన్నా. నాచు చక్రం తిరగనిస్తేనా?"

"స్విచ్చి దగ్గరెవరు?"

"కొత్త కాపలా జయపాలే అనుకుంటా. చీకట్లో మొహం ఆనలేదు. కరెంటు కట్టేశావా అంటే, కట్టేశానండి రాజుగారండి, అన్నాడులే."

"జయపాల్ పొద్దున్నే కొవ్వూరెళ్ళాడండీ! పైకి రండి... మీకు దణ్ణం పెడతా, పైకి రండి!"

తెర మీద ఆ మనిషి చెయ్యెత్తాడు.

ఫోనులో, దూరంగా, తీరిగ్గా ఓ గొంతు.

"వేస్తున్నానండీ..."

గిరగిరా చక్రాల చప్పుడు. తర్వాత ఫోను పలకలేదు.

నాగవల్లి చిక్కుళ్ళ పళ్ళెం తన్నుకుంటూ వీధిలోకి పరిగెత్తబోయింది. అంతలోనే గేటు కిర్రుమంది. బండి చప్పుడు మాత్రం వినబడలేదు. నిలువెల్లా నీళ్ళోడుతూ రంగరాజు వచ్చి గుమ్మం అవతల నిలబడ్డాడు.

ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "వచ్చారా... రండి, లోపలికి రండి."

"అమ్మా..." వెనకనుంచి ఇంద్రజ గుసగుస. "వెళ్ళకు. గట్టు మీద మనిషి లేడు. నీడలే... రెండున్నాయి."

"లైటెయ్యి నాగవల్లీ," అన్నాడు రంగరాజు. "ఏమీ కనబడ్డం లేదు."

అతని తల మీద ట్యూబులైటు వెలుగుతూనే ఉంది.