నలుపు తెలుపు సినిమాకు ఎర్రచీర

గుమ్మం ముందు చెప్పులు విడుస్తున్న హరీష్‌ను చూడగానే యమున కళ్లు అతని భుజానున్న కెమెరా సంచి మీదికే పోయాయి.

పోయినేడు పత్రికవాణ్నని చెప్పి ఒకడొచ్చాడు. యమున నాన్న బుచ్చన్న మగ్గం మీద కొత్తగా నేసిన చీర అంచుకు ఫోటోలు తీసుకుని పోయాడు. నెల తిరగకముందే అదే అంచు మరమగ్గం చీరల మీద సగం ధరకు గద్వాల బజార్లో వేలాడింది. ఇప్పుడు మగ్గం మీద ఇంకో కొత్త అంచు ఉంది. ఇదీ పోతే ఆ ఇంట్లో మగ్గం ఆగిపోవడమే.

హరీష్‌ది వనపర్తి. పెళ్లి వీడియోలు తీస్తాడు. ఇప్పుడు ఏదో పాత రష్యా నవలను గద్వాలకు తెచ్చి హత్య సినిమా తీస్తున్నాడట. హంతకుడిగా అతని దోస్తు మహిపాల్ మండే ఎండలో కోటు తొడుక్కుని కోటగోడల నీడల్లో తిరుగుతున్నాడు. చచ్చిపోయే ముసలమ్మకు చీర కావాలని హరీష్ ఈ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు.

"మొన్న సూసిన ఎర్రది జర మళ్ల సూపిస్తవా?"

"మొన్న పచ్చది బాగుందంటివి."

"ముసలామెకు ఎర్రదే నప్పుతదేమో."

యమున చీర తీయలేదు. "సినిమా నలుపు తెలుపుల తీస్తున్ననంటివి గద. అండ్ల ఎర్రదైతే ఏంది, పచ్చదైతే ఏంది?"

హరీష్ భుజాన సంచి పట్టీ సర్దుకున్నాడు.

"దొరికినవ్, డైరెక్టర్ సారూ. కెమెరా ఇటియ్యి. ఎన్ని అంచులు పట్టినవో సూస్త."

అతను బుద్ధిగా తెర తెరిచి చూపించాడు. అంచు ఎక్కడా లేదు. కండెకు నూలు చుడుతూ ఓరగా చూస్తున్న యమున. తలుపు చాటునుంచి చూస్తున్న యమున. కళ్లు చిన్నవి చేసిన యమున.

"గిదేంది?"

"మా ఇన్‌స్పెక్టర్ వేషమోనికి అనుమానంగ సూసుడు వస్తలేదు. నిన్ను సూసి నేర్సుకొమ్మన్న."

నవ్వు కనబడకుండా ఆమె మొహం తిప్పుకుంది. "అడగకుండ తీస్తే అదీ దొంగతనమే."

"తప్పే. తుడిపేస్త."

"ముందు ఒకటి చెప్పు. మీ సినిమల సంపినోడు దొరుకుతడా?"

"దొరకడు. ఆయనే ఒప్పుకుంటడు."

"ఎందుకు?"

"ఒక పిల్ల ముందల అబద్దమాడలేక."

"మరి నువ్వెప్పుడు ఒప్పుకుంటవ్?"

హరీష్ నేలచూపులు చూశాడు. "చీర సినిమాకు గాదు," అన్నాడు మెల్లగా. "నిన్ను సూడనీకె వస్తున్న."

లోపల మగ్గం చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

"ఓ పిల్లగా," లోపలినుంచే పిలిచాడు బుచ్చన్న. "రేపు మీ అమ్మను తోల్కరా. ఎర్రదో పచ్చదో ఆమెనే చెప్తది. కెమెరా మాత్రం ఇంటికాడ పెట్టి రా."