పంపు తిప్పే చెయ్యి

ఆపరేషన్ గదిలో అందరూ ఆమెను పంపక్క అనేవారు. గుండెను ఆపి కోసేటప్పుడు ఆ గుండె పనంతా చేసే యంత్రం ఆమె చేతిలో ఉండేది. ఒళ్ళంతా తిరిగి అలసిన నల్లటి నెత్తురు ఒక గొట్టంలోంచి తొట్టిలోకి వస్తుంది. ప్రాణవాయువు కలిసి, ఎర్రబడి, ఇంకో గొట్టంలోంచి ఒంట్లోకి పోతుంది. "గుండెదేముంది, అప్పుడప్పుడూ మొండికేస్తుంది. నా యంత్రానికి ఆ తిక్క లేదు," అని గొప్పలు పోయేది.

ఆ మధ్యాహ్నం బల్ల మీద ఉన్నది ఆమె తమ్ముడు. పొద్దున వంటింట్లో పెళ్ళాన్ని పదకొండు పోట్లు పొడిచి, అదే కత్తి తన రొమ్ములో దించుకున్నాడు. మరదలి శవం కింది అంతస్తులో, మార్చురీలో ఉంది. యంత్రం తెలిసిన రెండో మనిషి సెలవులో ఉన్నాడు. ఎంత దుర్మార్గుడైనా తోడబుట్టినవాడు. వాడు బతకాలి, అంతే. నిరుడు మరదలు వాచిన మొహంతో వస్తే, "మగాడన్నాక కోపం ఉంటుంది, సర్దుకుపో" అని పంపేసింది. ఆ మాట ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది.

రొమ్ము ఎముకను రంపంతో చీల్చారు. గదంతా కాలిన మాంసం వాసన. ఆపిన గుండె వట్టి సంచిలా పడి ఉంది.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. యంత్రం బ్యాటరీ కూడా చచ్చింది.

"పంపక్కా, పిడి!" డాక్టరు అరిచాడు.

పిడి తగిలించి చేత్తో తిప్పాలి, బాణం గుర్తు వైపే. ఎదురువైపు తిప్పితే ఒంట్లో నెత్తురంతా వెనక్కి లాగేస్తుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతుందామె. ఒక చుట్టు తిప్పింది.

రెండో చుట్టులో ఆమె చేతి మీద ఇంకో చెయ్యి పడింది. చల్లగా... జిగటగా...

పిడి ఆగింది. బాణానికి ఎదురువైపు తిరగడం మొదలెట్టింది.

"వదులు..." అంది పంపక్క.

"నేను సర్దుకున్నాను వదినా," చెవిలో గుసగుస. "ఇక నువ్వు తిప్పు."

గొట్టంలో ఎర్రటి నెత్తురు వెనక్కి పరుగెత్తింది. తొట్టి నిండాలి. నిండలేదు. తెరిచిన రొమ్ములో గుండె పిండిన బట్టలా ముడుచుకుంది. మత్తులో ఉన్న తమ్ముడి కళ్ళు తెరుచుకున్నాయి. అక్కనే చూశాయి.

"ఆపమ్మా! చంపేస్తున్నావు!"

డాక్టరు ఆమె చెయ్యి పట్టి లాగాడు. మణికట్టు ఫెళ్ళున విరిగింది. ఆమె కేక పెట్టింది. చెయ్యి మాత్రం తిప్పుతూనే ఉంది... గొట్టాలు కత్తిరించారు. అయినా తిప్పుతూనే ఉంది...

కరెంటొచ్చింది. తమ్ముడు సున్నం కొట్టిన గోడలా తెల్లగా పడి ఉన్నాడు. తొట్టిలో గానీ, నేల మీద గానీ నెత్తుటి చుక్క లేదు.

గోడ మీద ఫోను మోగింది. నర్సు ఎత్తి, విని, పంపక్క చెవికి ఆనించింది. మార్చురీ కాపలాదారు.

"అమ్మా... మీ మరదలి ఒళ్ళు వెచ్చబడింది. పోట్లన్నీ మూసుకుపోయాయి. గుండె కొట్టుకోవడం లేదు... కానీ మాట్లాడుతోంది."

"ఏమని?"

"తిప్పడం ఆపొద్దంటోంది. ఇంకా చాల్లేదట."

పంపక్క ఇంకా పిడి తిప్పుతూనే ఉన్న తన చేతి వైపు చూసుకుంది. గోళ్ళు ఒక్కొక్కటే తెల్లబడుతున్నాయి.